రెండు లింగాలలు, ఒక కిన్నెర

మన పులివెందుల పక్కన లింగాల ఉన్నట్టే, నాగర్‌కర్నూల్ జిల్లాలోనూ ఒక లింగాల ఉంది. ఆ లింగాల మండలంలోని అవుసలికుంట జానపద గాయకుడు దర్శనం మొగులయ్య గారి ఊరు. ఆయన చేతిలోది పన్నెండు మెట్ల కిన్నెర. వెదురుకు ఎండిన సొరబుర్రలు కట్టి చేసే వాద్యం అది. దాన్ని మీటుతూ పండుగ సాయన్న వంటి వీరుల కథలను ఊరూరా పాడారు.

కాలం మారింది. ఊళ్లలోకి మైకులు, డీజేలు వచ్చాయి. కిన్నెర చప్పుడు సన్నగిల్లింది. జమైకా దీవి సంగీతంలోనూ ఇలాంటి మార్పే వచ్చింది. 1985 నుంచి కంప్యూటర్‌తో చేసిన తాళధ్వనులు జోరందుకున్నా, అక్కడి రెగే సంగీతంలో బర్నింగ్ స్పియర్ వంటి గాయకులు వాద్యబృందంతోనే వేదికెక్కారు.

వాళ్లలాగే మొగులయ్య గారూ కిన్నెర వదల్లేదు. 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాటలో ఆయన గొంతు తెలుగునాడంతా మోగింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. అయితే అవార్డు ఒక్కటే కళను బతికించదు. వినేవాళ్లు ఎదురుగా కూర్చోవాలి. కథ నడిచేకొద్దీ వాళ్ల ముఖాలు చూసి గాయకుడు గొంతు పెంచుతాడు, తగ్గిస్తాడు. రికార్డులో ఆ ముచ్చట దొరకదు.

ఈసారి మీ ఊరి తిరునాళ్లలో ఒక్క రాత్రి డీజే ఆపి, పాత గాయకుణ్ణి పిలవండి. పిల్లల్ని ముందు వరుసలో కూర్చోబెట్టండి.