ఊరు వెనుక, కొంగ ముందు
(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేసిన ప్రసంగ పాఠము)



పక్షుల ఛాయాచిత్రములు తీయువాడు మొట్టమొదట కోరునది శూన్యము. పక్షి వెనుక నీలాకాశమో, కదలని నీరో తప్ప మరియొకటి ఉండరాదని అతని కోరిక. బహుమతులందిన బొమ్మలు పెక్కింటియందు ఆ శూన్యమే కానవచ్చును. మలికిపురమున అది దొరకదు. చేలగట్టుపై కొంగ యొకటి నిలిచినదనుకొందము. దాని వెనుక నీరుతోడు ఇంజను పాక. పాక వెనుక కొబ్బరి డొక్కల గుట్ట. గుట్ట వెనుక డాబాయిల్లు, దానిపై నీళ్ల ట్యాంకు. వీని మీదుగా కరెంటు తీగలు. తీగల కవతల రాజోలు పోవు బస్సు. ఇన్నిటి నడుమ కొంగ మెడ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసినదో బొమ్మలో వెదకుకొనవలసివచ్చును. కన్ను ఈ చిక్కును ఎరుగదు. కంటి వెనుక మనసు కలదు గనుక అది కొంగను మాత్రమే ఏరుకొనును. కెమెరాకు మనసు లేదు. అది బస్సును కొంగను సమానముగా గౌరవించును.

పక్షి పెద్దదైనకొలది ఈ చిక్కు తగ్గునని పలువురు తలంతురు. నిజమునకు అది పెరుగును. పిచ్చుకవంటి చిన్న పిట్టను తీయవలెనన్న దగ్గరకు పోక తప్పదు; దగ్గరకు పోయినచో దాని వెనుకనున్న సర్వమును మసకలో కరగిపోవును. నత్తలు కొట్టి తిను కొంగ రెండడుగులకు మించిన పక్షి. ఎర్రకాళ్ల కొంగ మూడడుగులు దాటును. గూడబాతు ముక్కు కొననుండి తోక వరకు నాలుగు నుండి ఐదడుగుల పొడవుండి, రెక్కలు చాచెనేని ఏడెనిమిది అడుగులు పరచుకొనును. ఇట్టి పక్షి చట్రములో ఇముడవలెనన్న దూరముగా నిలువవలెను. దూరము రెట్టింపైనచో, అదే లెన్సుతో స్పష్టముగా కనబడు లోతు సుమారు నాలుగు రెట్లగును. కావున పెద్ద పక్షితోపాటు దాని వెనుకనున్న పాకయు, గుట్టయు, ఆరవేసిన చీరలును స్పష్టముగా వచ్చి కూర్చుండును.

ఊరిని మరుగుపరచు ఉపాయములు లేకపోలేదు. లెన్సు ద్వారమును వీలైనంత విశాలముగా, ఎఫ్ 4 కో 5.6 కో తెరచుట ఒకటి. అంతకన్న మేలైనది స్థలము మార్చుట. పక్షికిని కెమెరాకును నడుమనున్న దూరముకంటె పక్షికిని వెనుకటి గోడకును నడుమనున్న దూరము అనేక రెట్లు అధికముగా నుండునట్లు నిలువవలెను. గట్టుపై నిలుచుండి తీసిన బొమ్మలో కొంగ వెనుక బోదెలోని చెత్త కనిపించును. అదే మనుష్యుడు గట్టు వాలున బోర్లపడుకొని తీసినచో కొంగ వెనుక దూరపు కొబ్బరితోట ఒక్క పచ్చని తెరగా మారును. రెండడుగుల ఎత్తు తగ్గినందున ఇంత మార్పు వచ్చును. వేలకొలది రూపాయల లెన్సు చేయలేని పనిని తడిసిన చొక్కా చేయును. ఎగురుచున్న పక్షికి మరియొక మార్గము కలదు. షట్టరును సెకనులో 30వ వంతుకో 60వ వంతుకో తగ్గించి, పక్షితోపాటు కెమెరాను త్రిప్పుచు మీట నొక్కవలెను. ఊరంతయు అడ్డగీతలుగా సాగిపోవును, పక్షి తల మాత్రము నిలుచును. గూడబాతు రెక్కలు నిదానముగా ఆడించును గనుక అభ్యాసమునకు అది మంచి గురువు.

తెలుపు రంగు సంగతి వేరుగా చెప్పవలెను. కెమెరాలోని వెలుతురు కొలమానము తాను చూచినదంతయు నడితరపు బూడిదరంగని భావించి లెక్కగట్టును. చట్రము నిండ తెల్లకొంగ యున్నచో దానిని బూడిదరంగుకు దింపును. అప్పుడు ఒకటి ఒకటిన్నర మెట్టు వెలుతురు పెంచవలెను. కోనసీమలో తరచుగా ఎదురగునది ఇందుకు విపర్యయము. చీకటివంటి కొబ్బరితోట ముందు చిన్నదిగా తెల్లకొంగ నిలుచును. కొలమానము తోటను చూచి వెలుతురు చాలలేదని పెంచును. కొంగ ఈకల గీతలన్నియు మాడిపోయి సున్నపు ముద్ద మిగులును. అక్కడ ఆ మేరకే తగ్గించుకొనవలెను. తోట ఎంత నల్లనైనను నష్టములేదు. ఈక మాడినచో తిరిగిరాదు.

ఇంతవరకు చెప్పినది ఊరిని దాచు విద్య. దాచవలెనా అనునది దానికంటె పెద్ద ప్రశ్న. ఆ ప్రశ్నకు ఉత్తరము కొల్లేటి ప్రాంతమున దొరకును.

కేరళీయుడైన కె.కె. నీలకంఠన్, ఇందుచూడన్ అను కలముపేర మలయాళమున పక్షులను గూర్చి గ్రంథము రచించి ప్రసిద్ధుడైనవాడు, 1946లో పశ్చిమగోదావరి జిల్లా అరేడు గ్రామమున గూడబాతుల గూళ్లను చూచెను. ఆ పరిశీలనలను 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికయందు ప్రకటించెను. దక్షిణదేశమున గూడబాతులు గుంపులుగా గూళ్లు కట్టు తావులు అరుదుగా తెలిసిన కాలమది. పిమ్మట కొన్ని దశాబ్దములలో ఆ కొల్లేటి స్థావరము నశించెను. 1978 నాటికి అదే పత్రికయందు దానిని పోయిన స్థావరముగా పేర్కొనుచు ఒక వ్యాసము వెలువడెను. ఒక మహా పక్షిసమూహము మనుష్యుల కన్నులయెదుటనే మాయమైనది. అది ఎట్టి చెట్లపై నుండెను, చెట్ల క్రింద ఏ పైరుండెను, ఇండ్లు ఎంత దూరముననుండెను అని తెలిసికొనగోరు నేటివానికి, ఆకాశము వెనుక పెట్టి తీసిన పక్షి బొమ్మ యొక్కటియు ఉపకరింపదు. పాక, చెట్టు, మనిషి కూడ ఉన్న బొమ్మయే ఉపకరించును. చిందరవందరగా నున్నదని పారవేసినది ఏబదియేండ్లకు సాక్ష్యమగును.

గూడబాతులు కొల్లేటికి మరల వచ్చినవి. 1999లో కొల్లేరు అభయారణ్యముగా ప్రకటింపబడెను, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల పట్టికలో చేరెను, 2006లో ఆ పరిధిలోని అక్రమ చేపలచెరువుల గట్లను ప్రభుత్వము తెగగొట్టించెను. కైకలూరు చెంతనున్న ఆటపాకలో అటవీశాఖవారు నాటించిన ఇనుప మంచెలపై అవి నేడు గూళ్లు కట్టుచున్నవి. అచ్చట బొమ్మ తీయువారు ఇనుము కనబడకుండ తంటాలు పడుదురు. ఆ ఇనుమే కథయని వారికి తోచదు. చెట్టు కరవైన పక్షి ఇనుపచువ్వపై పుల్లలు పేర్చుచున్నదనుటకంటె చెప్పదగిన సంగతి ఆ బొమ్మలో మరియేమున్నది?

గుంటూరు చేరువనున్న ఉప్పలపాడులో ఊరి చెరువు నడుమ తుమ్మలపైన, ఇట్టి ఇనుప మంచెలపైన గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కిక్కిరిసి యుండును. సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలములోని వీరాపురమున ఎర్రకాళ్ల కొంగలు ఊరి నడుమనున్న చింతచెట్లపైననే పిల్లలను పెంచును. రెట్టల కంపును, పిల్లల కూతలను సహించి గ్రామస్థులు వానిని కాచుచున్నారు. శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలములోని తేలినీలాపురమున రెండు జాతులును ఇండ్ల చెంత చెట్లపై వ్రాలును. ఆ ఊరివారు పక్షుల రాకను శుభసూచకముగా ఎంచుదురు. నెల్లూరు సీమలోని నేలపట్టు చెరువు నీరు గూడబాతుల రెట్టలు కలిసి ఎరువగునని అచ్చటి రైతులు ఎరుగుదురు. ఇట్టి ఊళ్లలో తీసిన బొమ్మల క్రింద సైబీరియా నుండి వచ్చిన అతిథులని వ్రాయుట వాడుకయైనది. అది పొరపాటు. గూడబాతును ఎర్రకాళ్ల కొంగయు దక్షిణాసియా పక్షులే. నీటిని, చేపలను అనుసరించి దేశములోపలనే తిరుగును. వెనుక చింతచెట్టును, పెంకుటింటిని చూపిన బొమ్మ ఆ పొరపాటును కొంత తనంతటనే దిద్దును. వచ్చినది చుట్టము కాదు, ఇంటిది.

ఊరిని చూపదలచినవాడు ద్వారమును ఎఫ్ 8 కో 11 కో మూసికొని, పొడుగు లెన్సును విడిచి పొట్టి లెన్సు పట్టుకొనవలెను. పొడుగు లెన్సుకై దూరముగా నిలిచినప్పుడు దూరపు మేడ కొంగ వీపుపై ఎక్కికూర్చున్నట్లుండును. పొట్టి లెన్సుతో దగ్గరగా నిలిచినప్పుడు మేడ తన చోటికి తాను పోవును. ఊరు చట్రములో నున్నంతమాత్రమున బొమ్మ కుదరదు. పాటింపవలసిన నియమము ఒక్కటే: తల, ముక్కు, మెడ ఈ మూడింటికి ఏ గీతయు తగులరాదు. కరెంటుతీగ పొట్ట వెనుక పోయిన పోనిమ్ము. మెడను కోసినచో బొమ్మ చెడును. గూడబాతు సంచిముక్కు తెల్లని గోడమీద వ్రాలినచో దాని చుక్కలు కూడ కనబడును. ఆకులమీద వ్రాలినచో ముక్కే లేనట్లుండును. మూరెడు కుడికి జరిగి, తల ఆ గోడ భాగమునకు వచ్చువరకు కాచుకొనుటయే పని. తానే ఫోకసు కుదుర్చుకొను కెమెరా ముందున్న కొబ్బరి మట్టకు అంటుకొనుట కద్దు; కంటిపై బిందువు నిలిపి వేచియుండవలెను. కొంగ ఎంతసేపైనను నిలుచును. తొందర మనుష్యునిదే.

దిండి యొద్ద చించినాడ వంతెన క్రింద వసిష్ఠ ఒడ్డున తెల్లకొంగ నిలిచి, పైన లారీలు పోవుచున్న దృశ్యము ఈ ప్రాంతమువారికి కొత్త కాదు. దమ్ముచేయు ట్రాక్టరు వెంట కొంగలు వరుసగా నడచుటయు కొత్త కాదు. ఇంగ్లండునందు రిచర్డ్, చెర్రీ కీర్టన్ సోదరులు 1895లో ఆద్యంతము ఛాయాచిత్రములతోనే పక్షిగూళ్ల గ్రంథమును వెలువరించినవారు. పక్షులు బెదరకుండుటకై బోలు ఎద్దును చేయించి, అందులో దూరి బొమ్మలు తీసిరి. కోనసీమలో ఆ శ్రమ అక్కరలేదు. గేదె ప్రక్కన గట్టుపై కూర్చున్న రైతును కొంగ లెక్కచేయదు. లెన్సు పట్టుకొని పట్టణమునుండి వచ్చినవానిని మాత్రము వెంటనే పోల్చును. ఊరివానికున్న ఈ సౌలభ్యము ఏ దుకాణమునను అమ్మబడదు. మద్రాసున నివసించిన ప్రకృతి పరిశీలకుడు ఎం. కృష్ణన్ (1912–1996) నలుపుతెలుపు ఫిల్ముతోనే పక్షులను మృగములను తీసి కీర్తి గాంచెను. రంగులు లేనిచోట పక్షికిని వెనుకటి వస్తువులకును వెలుగునీడల భేదమే గతి; ఆ అభ్యాసము ఇప్పటి సెల్‌ఫోను వారికిని మేలు చేయును.

చేపల చెరువుల సంగతి విడువరాదు. గూడబాతు, నీటికాకి చెరువులో దిగినప్పుడు రైతుకు కలుగు నష్టము కల్ల కాదు. అందుకే చెరువులపై దారములు, వలలు కట్టుదురు, టపాకాయలు కాల్తురు. ఆ దారమునకు చిక్కి రెక్క విరిగిన కొంగలును కలవు. బొమ్మ తీయువాడు ఆ దారములను మసకలో కలిపి, అద్దమువంటి నీటిపై గూడబాతును చూపినచో చూచువానికి ఇంపుగా నుండును. రైతు బాధయు పక్షి బాధయు రెండును మరుగుపడును. దారము స్పష్టముగా నున్న బొమ్మ ఇంపుగా నుండదు. అయినను చెరువుల తగవు విచారించువారి ముందు పెట్టదగినది అదియే.

గూళ్ల విషయమున జాగ్రత్త హెచ్చుగా వలయును. తల్లి బెదరి లేచిన నిమిషములలోనే కాకి గ్రుడ్డును తన్నుకొనిపోవును. ఎండకు క్రొత్తపిల్ల మాడును. గూడున్న చెట్టెక్కుట, కొమ్మలు నరికి దారి చేసికొనుట, గూళ్లపై డ్రోను ఎగురవేయుట బొమ్మ కొరకు పక్షిని వెచ్చించుటయే. ఇంటి అరుగుపై కూర్చుండి, అరుగు స్తంభము కూడ చట్రములో పడునట్లు తీసిన బొమ్మ చాలును.

మలికిపురమున ఇండ్లలోని ఫోనులయందు ఇట్టి బొమ్మలు ఎన్నియో యుండును. ఫోను పాడైనప్పుడు అవియును పోవును. ఏడాదికి పది పన్నెండింటిని అచ్చు తీయించి, వెనుకవైపున తేదీ, ఊరు, చేనో చెరువో, చెట్టు పేరు, ఎన్ని పక్షులున్నవో పెన్సిలుతో వ్రాసి, గ్రంథాలయపు బీరువాలో ఒక అట్టపెట్టెలో ఉంచవచ్చును. సిరా తేమకు అలుకుకొనిపోవును; పెన్సిలు నిలుచును. పెట్టెలో వేపాకు కొంత వేసి, వర్షాకాలము పోయినవెంటనే ఒకమారు నీడపట్టున గాలికి ఆరబెట్టవలెను.