పెరటి ముల్లంగి - మట్టిలో సీసం



వేసవి వచ్చిందంటే అమెరికాలో మన తెలుగువారి పెరళ్లన్నీ పచ్చబడతాయి. గోంగూర, బెండ, ఆనప, పక్కనే ముల్లంగి, క్యారెట్. మందులు కొట్టని కూర కదా అని పిల్లలకు ధైర్యంగా పెడతాం. మందుల సంగతి సరే, మట్టి సంగతేమిటి అన్నదే ఈ రోజు నా మాట.

ఈ దేశంలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. రోడ్డు వాహనాల పెట్రోలులో 1996లో నిషేధించారు. సీసం కుళ్లేది కాదు, ఆవిరయ్యేది కాదు. అప్పట్లో రాలింది పాత ఇళ్ల గోడల పక్కన, రోడ్ల అంచున పైమట్టిలోనే ఉంటుంది. "మాది కొత్త ఇల్లే" అనుకునేవారికీ ఒక మాట. న్యూజెర్సీ, వాషింగ్టన్ వంటి రాష్ట్రాల్లో ఒకప్పటి ఆపిల్ తోటల్లో లేచిన కాలనీలున్నాయి. డి.డి.టి. రాకముందు ఆ తోటల్లో పురుగుకు కొట్టిన మందు లెడ్ ఆర్సెనేట్. అందులో సీసం, మన పెద్దలు పాషాణం అనే ఆర్సెనిక్, రెండూ ఉన్నాయి.

సీసం మరీ ఎక్కువైతే వేరు కొనలో కణాల విభజన మందగించి, వేరు పొట్టిగా, మొద్దుగా మారుతుంది. అప్పుడు మనకే అనుమానం వస్తుంది. చిక్కల్లా, మనిషికి హాని చేసే మోతాదుకు మొక్క చాలాసార్లు చలించదు. ముల్లంగి నిగనిగలాడుతూనే ఊరుతుంది. పంట బాగుంది కాబట్టి మట్టి మంచిదే అనుకోవడానికి వీల్లేదు.

సీసం వేరు దాటి పైకి పోవడం తక్కువ. అందుకే టమాటా, బెండ, వంకాయల్లో అది స్వల్పం. ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్‌లలో మనం తినేదే వేరు. క్యారెట్‌లో నీటిని పైకి తీసుకుపోయే నడిమి భాగంలో సీసం చేరుతుంది, చెక్కు తీసినా పోదు. బంగాళాదుంప వేరు కాదు, కాండం. దానికి ఆహారం ఆకుల నుంచి దిగుతుంది. కడిగి చెక్కు తీస్తే చాలావరకు బెడద తీరుతుంది. ఆకుకూరలకు అంటిన దుమ్మును బాగా కడగాలి.

పిల్లలకు క్షేమమైన సీసం మోతాదంటూ లేదు. కూరకన్నా ముందు మట్టి చేతులు నోట్లో పెట్టుకోవడమే వాళ్లకు పెద్ద ప్రమాదం.

కాబట్టి విత్తనం వేసే ముందే మట్టి పరీక్ష చేయించండి. చాలా రాష్ట్రాల్లో విశ్వవిద్యాలయాల వ్యవసాయ విస్తరణ విభాగాలు ఈ సాయం చేస్తాయి. సీసం, ఆర్సెనిక్ చూడమని ప్రత్యేకంగా అడగండి. ఇళ్ల మట్టిలో సీసం ఎంత దాటితే పరిశీలించాలో చెప్పే హద్దును కేంద్ర పర్యావరణ సంస్థ 2024లో పది లక్షల పాళ్లకు 400 నుంచి 200కు తగ్గించింది. సీసం ఎక్కువని తేలితే చెక్క చట్రాలు కట్టి, కొత్త మట్టి పోసి దుంపలు వేయండి. పాత మట్టిలో కంపోస్టు కలిపి, పులుపు ఎక్కువైతే సున్నం వేయండి. ఫాస్ఫేటు సీసాన్ని కట్టేస్తుంది గానీ ఆర్సెనిక్‌ను వదులు చేస్తుంది. పాత తోటల నేలలో దాని జోలికి పోకండి.

ఈ ఏడు మీ పెరట్లో పారతో పాటు మట్టి పరీక్ష కాగితం కూడా ఉండాలని కోరుతూ, సెలవు.