ముల్క్ ఎవరిది? ముల్కీ ఎవరు?

(విద్యార్థులు, ఉద్యోగుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

తీర్మానాలు, డిమాండ్లు ఎట్లాగూ ఉంటయి. వాటికంటే ముందు రెండక్షరాల మాట ఒకటి మాట్లాడుకుందాం. అది 'ముల్కీ'. ఈ మాట కోసం మనోళ్లు తుపాకులకు ఎదురు నిలబడ్డరు. కాని ఆ మాట ఎక్కడ పుట్టింది, ఎన్ని దేశాలు తిరిగి మన దగ్గరికొచ్చింది అని మనం అడగలే.

అది పుట్టింది అరబ్బీల. మ, ల, క అనే మూడు హల్లులు దాని వేరు. స్వాధీనంల పెట్టుకునుడు, ఏలుడు ఆ వేరుకున్న అర్థం. 'మిల్క్' అంటే ఆస్తి. 'ముల్క్' అంటే రాజ్యాధికారం. 'మలిక్' అంటే రాజు, 'మాలిక్' అంటే యజమాని. హీబ్రూల రాజును 'మెలెఖ్' అంటరు, అదీ ఈ వేరుదే. గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షాను మన తెలుగు కవులు 'మల్కిభరాముడు' అని పిలుచుకున్నరు. అందుల మల్కి కూడా ఈ ఇంటి బిడ్డే.

తుర్కీల బజారుకు పోయి ముల్క్ అంటే ఇల్లు, జాగ అనుకుంటరు. కాని అక్కడి కోర్టుల్ల జడ్జి వెనక గోడ మీద 'న్యాయమే ముల్క్‌కు పునాది' అని రాసి ఉంటది. ఆడ ముల్క్ అంటే రాజ్యం. మరాఠీల 'ములూఖ్' అంటే ప్రాంతం. 'ములూఖ్‌గిరి' అంటే పరాయి ప్రాంతం మీద పడి దోచుకొచ్చుడు. ఒకే మాట ఒకరికి ఇల్లు, ఒకరికి దోపిడి జాగ!

మన తెలుగుల 'ములుకు' ఉన్నది. బాణం మొన. దానికి ముల్కీతో చుట్టరికం లేదు, వినటానికే ఒక్కతీరు.

ఉర్దూల ముల్క్ అంటే దేశం. ముల్కీ అంటే ఈ దేశపోడు. హైదరాబాద్ రాజ్యంల ఈ పంచాయితీ మొదలైంది ఆంధ్రోళ్లతో గాదు. 19వ శతాబ్దంల కొలువులకు ఉత్తరాది నుంచి అధికారులను రప్పిస్తే, ఇక్కడోళ్లు 'మేం ముల్కీలం' అన్నరు. తర్వాత వచ్చిన ముల్కీ నిబంధనల ప్రకారం ఇక్కడ పుట్టినోడు ముల్కీ. 15 ఏండ్లు ఇక్కడనే స్థిరపడి, తిరిగి పోయే ఆలోచన లేదని రాసిచ్చినోడూ ముల్కీయే. కులం అడగలే, మతం అడగలే, భాష అడగలే. ఇది గుర్తుంచుకోవాలె.

1952 సెప్టెంబర్‌ల 'గైర్ ముల్కీ గో బ్యాక్' అన్నందుకు సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగినయి. 1969ల రక్షణలు అమలు చేయమని మొదలైన లొల్లి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమమైంది. 1972 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతయన్నది. ఏడాది తిరిగేసరికి, 1973ల, పార్లమెంటు వాటిని రద్దు చేసింది. కోర్టుల గెలిచింది చట్టంల ఓడింది. మాట పోయింది గాని ప్రశ్న పోలే.

2014 జూన్ 2న రాష్ట్రమొచ్చింది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వులతో ఉద్యోగాలల్ల 95 శాతం స్థానికులకన్నరు. సంతోషమే. కాని 2021 డిసెంబర్‌ల 317 జీవో వచ్చినంక పుట్టిన జిల్లా విడిచి దూరం పోవలసి వచ్చిన టీచర్లు, ఉద్యోగులు ఏమడిగిండ్రు? 'మేం ఎక్కడి స్థానికులం?' అనే గదా! గైర్ ముల్కీలు లేకున్నా ఆ ప్రశ్న వచ్చింది.

మిత్రులారా! మాలిక్, ముల్కీ రెండూ ఒకే వేరుకు మొలిచినయి. మాలిక్‌లు మారుడే మనం కోరుకున్న రాష్ట్రం గాదు. ప్రతి ముల్కీ ఈ ముల్క్‌కు మాలిక్ కావాలని కొట్లాడినం. ముల్క్ అంటే ఆస్తి అనుకున్నోళ్ల చేతుల పెడితే అది ములూఖ్‌గిరే అయితది. న్యాయం పునాది అనుకున్నోళ్ల చేతుల ఉంటేనే అది మనది. ఏ అర్థం నిలబెట్టాలన్నది నిఘంటువు చెప్పదు, మనమే చెప్పాలె.

జై తెలంగాణ!