వాన పులిస్తే అడవికేమవుతుంది?

విజయవాడలోని మన గుణదలకు పడమరగా, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో 1979 నుంచి బొగ్గు మండుతోంది. పక్కనే కొండపల్లి అడవి, బొమ్మలకు తెల్లపొణికి కర్రనిచ్చిన అడవి. బొగ్గుపొగలోని గంధకం, నత్రజని ఆక్సైడ్లు మబ్బుల్లో నీటితో కలిస్తే ఆమ్లాలవుతాయి.

మామూలు వాన పీహెచ్ సుమారు 5.6. అంతకు బాగా తగ్గితే ఆమ్లవర్షం. ఆకుల మీది మచ్చలు పైకి కనిపించే నష్టం మాత్రమే. అసలు నష్టం నేలలో. కాల్షియం, మెగ్నీషియం కొట్టుకుపోతాయి. మట్టిలో కదలకుండా ఉన్న అల్యూమినియం కరిగి వేళ్లను దెబ్బతీస్తుంది. చెట్టు వెంటనే చావదు, చీడకు లొంగిపోతుంది. అమెరికాలోని హబ్బర్డ్ బ్రూక్ అడవిలో 1999లో కాల్షియం చల్లాక మేపుల్ చెట్లు కోలుకున్నాయి.

అయితే మన బొగ్గులో గంధకం తక్కువ. గాలిలోని సున్నపు దుమ్ము ఆమ్లాన్ని కొంత విరుస్తుంది. ఇది అదృష్టమే తప్ప మన ఘనత కాదు. దుమ్మును మాత్రమే ఆపి గంధకాన్ని వదిలేస్తే ఆ కాస్త రక్షణా పోతుంది. రెండింటినీ పొగగొట్టం దగ్గరే పట్టాలి.