గండికోట చూసొద్దామా?

సెలవులొస్తే మనకు తిరుపతే గుర్తొస్తుంది. జమ్మలమడుగు దాటి పదిహేను కిలోమీటర్లు వెళితే గండికోట. ఎర్రమల కొండల్ని పెన్న నిలువునా కోసుకుంటూ పారిన చోటు అది. పెమ్మసాని నాయకులు ఏలిన ఆ కోటలో పెద్ద ధాన్యాగారం ఇప్పటికీ నిలిచే ఉంది. ముట్టడి పడితే లోపలి ఆడవాళ్లు నెలల తరబడి ఎసరు పెట్టాలి గదా! మీర్ జుమ్లా కోట పట్టుకున్నాక, 1652లో వజ్రాల వర్తకుడు టావెర్నియర్ ఇక్కడికే వచ్చి ఆయన్ని కలిశాడు.

కిందటిసారి మా చిన్నవాడు లోయ అంచుకు పరుగెత్తాడు. అక్కడ పిట్టగోడ లేదమ్మా, ఒట్టి రాళ్లే. చొక్కా పట్టి వెనక్కు లాగాను. చేతుల వణుకు తగ్గేదాకా నది నాకు కనబడనే లేదు. పిల్లల చెయ్యి వదలకండి. మంచినీళ్ల కూజా, చిత్రాన్నం మూట మరవకండి. ఎండెక్కకముందే చేరుకోండి.