ఆకలి, జ్ఞాపకం, అన్నం పెట్టే చేయి
(దేవస్థానం మాస సత్సంగంలో ఒక వైద్యుడు చేసిన ఉపన్యాస పాఠం)

 

భగవద్గీత పదిహేనవ అధ్యాయంలో, తాను వైశ్వానరాగ్నిగా ప్రాణుల దేహాలలో నిలిచి నాలుగు విధాల ఆహారాన్ని పచనం చేస్తున్నానని పరమాత్మ తెలియజేశాడు. ఆ వెంటనే వచ్చే శ్లోకంలో జ్ఞాపకం, జ్ఞానం, వాటి లోపం కూడా తన వల్లనే కలుగుతున్నాయని సెలవిచ్చాడు. ఆకలి ఒక శ్లోకంలో, జ్ఞాపకం మరుసటి శ్లోకంలో! డిమెన్షియా అనే మతిమరుపు వ్యాధి వచ్చిన పెద్దలను చూచినప్పుడల్లా ఈ రెండు శ్లోకాల పొరుగుతనం నాకు స్ఫురిస్తుంది. ఆ వ్యాధిలో ఈ రెండూ కలిసే దెబ్బతింటాయి.

ఒక ఇంటి సంగతి ఊహించండి. కోడలు వడ్డించిన భోజనం తృప్తిగా తిని, చేయి కడుక్కున్న అరగంటకే అత్తగారు వీధి అరుగు మీద కూర్చుని, వచ్చేపోయే వారితో, "ప్రొద్దుటి నుండి నాకు గుక్కెడు మంచినీళ్ళు ఇచ్చిన వారు లేరమ్మా" అంటారు. విన్నవారు నమ్ముతారు. కోడలికి నింద, కొడుకుకు తలవంపు. పెద్దావిడ అబద్ధమాడడం లేదు. కోడలు అన్నం పెట్టకపోలేదు. మరి లోపం ఎక్కడున్నది?

మనకు ఆకలి పుట్టడానికి, తీరడానికి శరీరంలో చక్కని ఏర్పాటు ఉన్నది. జీర్ణకోశం ఖాళీ అయినప్పుడు గ్రెలిన్ అనే హార్మోను వెలువడి, ఆహారం కావాలని మెదడుకు తెలుపుతుంది. దీనిని 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. శరీరంలోని కొవ్వు నుండి వెలువడే లెప్టిన్, నిల్వలు చాలినంత ఉన్నాయని చెప్పి ఆకలిని అణచుతుంది. దీనిని 1994లో అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనుగొన్నది. ఈ వార్తలను అందుకునే కేంద్రం మెదడు అడుగుభాగంలోని హైపోథాలమస్.

అయితే హార్మోనులు మాత్రమే చాలవు. "నేను భోజనం చేశాను" అన్న జ్ఞాపకం కూడా తృప్తిలో ఒక భాగమే. 1998లో పాల్ రోజిన్, ఆయన సహచరులు తీవ్రమైన జ్ఞాపకశక్తి లోపం గల ఇద్దరిని పరిశీలించారు. భోజనం ముగిసిన కొద్ది నిమిషాలకే మరల భోజనం పెడితే, వారు మరల తిన్నారు. కడుపు నిండినా, తిన్న సంగతి మనస్సులో నిలువలేదు. అరుగు మీది పెద్దావిడ స్థితి ఇటువంటిదే.

వ్యాధిని బట్టి మార్పులు వేరుగా ఉంటాయి. అల్జీమర్స్ వ్యాధిలో తరచుగా బరువు తగ్గుతుంది. వాసన, రుచి మందగిస్తాయి. ముద్ద నోటిలో పెట్టుకుని నమలడం మరచిపోతారు. మెదడు ముందుభాగాన్ని దెబ్బతీసే ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియాలో దీనికి విరుద్ధంగా అతిగా తినడం, తీపి కోసం తపించడం, తినరానివి నోట పెట్టుకోవడం కనిపిస్తాయి. అటువంటి రోగులలో హైపోథాలమస్ కుంచించుకుపోవడాన్ని పరిశోధకులు గుర్తించారు. కనుక దానిని జిహ్వచాపల్యమని నిందించరాదు. అది వ్యాధి లక్షణం.

ఇంటివారు చేయదగినవి కొన్ని విన్నవిస్తాను. "ఇప్పుడే కదా తిన్నారు" అని వాదించవద్దు. రోజు భోజనాన్ని చిన్న భాగాలుగా పంచి ఉంచుకుంటే, అడిగినప్పుడు "అలాగే అత్తయ్యా, ఇదిగో" అని కొంచెం పెట్టవచ్చు. తెల్లని పళ్ళెంలో పెరుగన్నం వారి కంటికి ఆనదు. పచ్చని అరిటాకు మీద అదే అన్నం స్పష్టంగా కనిపిస్తుంది. ఒకేసారి పది పదార్థాలు కాక, ఒకటి రెండు మాత్రమే ముందుంచాలి. టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని, నిటారుగా కూర్చోబెట్టి తినిపించాలి. తినేటప్పుడు దగ్గు వస్తున్నా, గొంతు మారుతున్నా వైద్యునికి చూపాలి. ఆహారం శ్వాసనాళంలోకి పోయే ప్రమాదం ఉన్నది.

ఉన్నట్టుండి తిండి మానేస్తే వ్యాధి ముదిరిందని సరిపెట్టుకోవద్దు. కట్టుడు పళ్ళు సరిపడకపోవడం, మలబద్ధకం, దిగులు, ఇన్ఫెక్షన్ కారణం కావచ్చు. ఈ వ్యాధికి వాడే డొనెపెజిల్ వంటి మందులే ఆకలిని తగ్గించవచ్చు.

భక్తులు గమనించవలసినవీ ఉన్నాయి. పూజామందిరంలోని కర్పూరం బిళ్ళలు పటికబెల్లం వలె కనిపిస్తాయి. అవి విషం, మూర్ఛలు తెప్పిస్తాయి. అందకుండా ఉంచండి. కొబ్బరి ముక్కలు, గట్టి శనగలు గొంతుకు అడ్డుపడవచ్చు. మెత్తని దద్దోజనం మేలు. మధుమేహానికి ఇన్సులిన్ గాని మాత్రలు గాని వాడే పెద్దలచేత ఏకాదశి ఉపవాసం చేయించరాదు. చక్కెర పడిపోయినా ఆ సంగతి వారు చెప్పుకోలేరు. వారి తరఫున ఇంటివారు ఉపవసిస్తే స్వామికి లోటు కాదు.

వ్యాధి చివరి దశలో మింగడం కష్టమైనప్పుడు గొట్టం వేయించాలా అని చాలామంది అడుగుతారు. ఆ దశలో గొట్టం కంటె చేతితో ఓపికగా తినిపించడమే మేలని అమెరికన్ జీరియాట్రిక్స్ సొసైటీ సలహా ఇచ్చింది. నాలుగు ముద్దలే తిన్నా, ఆ ముద్దలతో పాటు చేతి స్పర్శ అందుతుంది.

చివరిగా ఇరుగుపొరుగు వారికి ఒక మనవి. "అన్నం పెట్టలేదు" అని ఏ వృద్ధురాలైనా చెప్పినప్పుడు, ఆ ఇంటిని నిందించే ముందు లోపలికి వెళ్ళి, ఇంటివారిని పలుకరించి, విషయం తెలుసుకోండి. నిజంగా నిరాదరణే ఉంటే ఆ పెద్దావిడకు అండగా నిలవండి. వ్యాధి అని తెలిస్తే, కోడలిని కూర్చోబెట్టి, ఒక పూట మీరు తినిపించండి.

వేలమందికి వడ్డించే అన్నదానం ఎంత పుణ్యమో, తిన్నానని మరచిపోయే ఒక్క ప్రాణికి విసుగు లేకుండా మరల ముద్ద కలిపి పెట్టడం అంతే పుణ్యం. ఆ తల్లికి మన పేరు గుర్తుండకపోవచ్చు. ఆ ముద్దను అందుకునే వైశ్వానరుడు మాత్రం మరువడు.

స్వస్తి.