మంచు పట్టణంలో నీటిగొట్టాల పని



కెనడాలోని కాల్గరీలో పెద్ద భవనాల నీటిగొట్టాల పని చేసి వచ్చిన మమ్మల్ని నాలుగు మాటలు చెప్పమన్నారు. ఐ.టి.ఐ. చదివి పరదేశం పోదామనుకునే పిల్లలు ఇక్కడ ఉన్నారు గనుక వారికి పనికొచ్చేదే మనవి చేస్తాము.

కాల్గరీకి నీరు బో, ఎల్బో అనే నదుల నుంచి వస్తుంది. అవి రాకీ పర్వతాల సున్నపురాయి మీదుగా దిగివస్తాయి. అందుచేత అది కఠినజలం. తాగడానికి హాని లేదు, చిక్కంతా కాచినప్పుడే. పంచదార వేడికి ఎక్కువ కరుగుతుంది గదా, సున్నం తీరు వేరు. నీరు వేడెక్కేకొద్దీ అది విడిపోయి లోహానికి అంటుకుంటుంది. మన బోరునీళ్ల గీజరు కడ్డీకి పట్టే తెల్లపెచ్చు ఇదే. ఆ పెచ్చు వేడిమిని నీటికి అందనివ్వదు. ఇంధనం దండుగ, గొట్టం ఇరుకు.

తక్కువ వేడి పెడితే పోదా అని మేమూ అడిగాము. గోరువెచ్చని నీటిలో లెజియొనెల్లా అనే సూక్ష్మజీవి పెరుగుతుంది, ఊపిరితిత్తులకు చేటు. అందుకని తొట్టిలో 60 డిగ్రీలు ఉంచక తప్పదు. కాచే నీటిని ముందు సాఫ్ట్‌నర్‌ గుండా పంపుతారు. అందులోని గుళికలు కాల్షియంను పట్టుకొని సోడియంను వదులుతాయి. వాటిని ఉప్పునీటితో కడుగుతూండాలి. ఉప్పు పోయడం మరిచారా, యంత్రం ఉండీ లేనట్టే!

ఇక చలి. సున్నాకు దిగువ 30 డిగ్రీలు పడే రోజులుంటాయి. నీరు గడ్డకడితే నూటికి 9 వంతులు పెరుగుతుంది. గడ్డే గొట్టాన్ని చీలుస్తుందనుకునేవాళ్లం. చాలాసార్లు గడ్డకూ, మూసిన కుళాయికీ నడుమ చిక్కిన నీటి ఒత్తిడే చీలుస్తుంది. కుళాయి సన్నగా వదిలితే గొట్టం బతుకుతుంది.

ఒక డిసెంబరు సెలవుల్లో ఒక దుకాణాల భవనం యజమాని ఖర్చు కలిసొస్తుందని హీటింగు తగ్గించాడు. మేం గట్టిగా వద్దనలేదు, అది మా తప్పే. బయటిగోడలోని గొట్టం గడ్డకట్టింది. ఒక్క చుక్క కారలేదు. నాలుగోనాడు షినూక్ అనే వెచ్చని పడమటిగాలి వీచింది. గడ్డ కరిగి పగులు బయటపడింది. కింద బట్టలకొట్టులో చీలమండల లోతు నీళ్లు. పరుగున పోయి మెయిన్ వాల్వు తిప్పితే అది తిరగదే! ఏళ్ల సున్నం పట్టి బిగుసుకుపోయింది. వీధిలోని వాల్వు మూయించేసరికి ముప్పావుగంట పట్టింది. ఆ కొట్టులో కూలికి కుదిరిన ఆడవాళ్లకు నెలరోజులు పని లేకపోయింది.

అప్పటినుంచి ఏటా సెప్టెంబరులోనే ప్రతి వాల్వునూ మూసి తెరిచి చూసేవాళ్లం. తిరగనిదానికి ఎర్రగుడ్డ కట్టి, అది మార్చేదాకా యజమాని వెంటపడేవాళ్లం.